మిషన్లు వచ్చిన ఊళ్లో అందరికీ కనీస ఆదాయం: లెక్క మీరే కట్టడం ఎట్లా

పని ఉన్నా లేకున్నా, భూమి ఉన్నా లేకున్నా, ప్రతి మనిషి ఖాతాలో నెలనెలా ఇంత అని డబ్బు పడాలి, దానికి ఏ షరతూ ఉండొద్దు. అందరికీ కనీస ఆదాయం అంటే ఇంతే, టీవీల్లో యూనివర్సల్ బేసిక్ ఇన్‌కమ్ అంటారు. ఈ మాట ఎత్తితే మన దగ్గర వచ్చే ప్రశ్నలు రెండే, అందరూ సోమరులైతే ఎట్లా, అన్ని పైసలు ఎక్కడివి. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. కానీ అడిగి అక్కడే ఆగిపోతున్నాం. మన ఊరికి ఎంత కావాలి, ఇప్పటికే ఎంత వస్తోంది, అది ఎవరికి చేరుతోంది, మిషన్ వచ్చాక ఎవరి చేతిలో పని పోయింది, ఇవేవీ ఎవరూ కాగితం మీద పెట్టడం లేదు. దానికి ఆర్థికశాస్త్రం చదవాల్సిన పని లేదు, రెండు సాయంత్రాలు, ఒక పొడుగు నోటుబుక్కు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. తెలంగాణలో పరకాల దగ్గర మా ఊళ్లో మేము ఎట్లా చేశామో, ఎక్కడ తప్పు పోయామో, మీరు చేసేటప్పుడు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

నేను ఈ లెక్కలోకి ఎందుకు వచ్చానో ముందు చెప్పాలి. హన్మకొండలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పదకొండేళ్లు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు, పత్రికలు కూర్చే పని చేశాను. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు, ఇదే నా బతుకు. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే రాత్రి పన్నెండు దాకా పెళ్లిపత్రికలే. ఇప్పుడు పెళ్లివాళ్లు ఫోన్ తీసి, పేర్లు కొడితే తయారైన డిజైన్ చూపించి ప్రింట్ తీసి ఇమ్మంటున్నారు. ముందు నా జీతం సగమైంది, తరువాత దసరా అయ్యాక రావద్దన్నారు. మా అమ్మకు ఇది నాకంటే పదిహేనేళ్ల ముందే జరిగింది. ఆమె కోత కొడవలి ఇప్పటికీ మా కొట్టంలో చూరుకు చెక్కి ఉంది, పిడికి చుట్టిన గుడ్డపేలిక కూడా అట్లనే ఉంది. వరికోత మిషన్ వచ్చిన రెండో ఏడు నుంచి దాన్ని కిందికి తీయలేదు.

ముందు ఎవరెవరు కూర్చోవాలి

నలుగురైదుగురు చాలు, కానీ ఎవరు అన్నది ముఖ్యం. మహిళా సంఘంలో లెక్కలు రాసే ఒక అక్క తప్పకుండా ఉండాలి, ఎవరింట్లో అప్పు ఎంతుందో, ఎవరికి పింఛను ఆగిందో ఆమెకు తెలిసినంత సర్పంచుకు కూడా తెలియదు. ఒక కౌలు రైతు, వడ్లు కొనే ఐకేపీ సెంటర్లోనో వరంగల్ ఎనుమాముల మార్కెట్లోనో హమాలీ చేసే ఒకరు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఒక పిల్లనో పిల్లగాడో. పంచాయతీ ఆఫీసులో మాత్రం కూర్చోవద్దు. అక్కడ కుర్చీలు ఎవరికి పడతాయో అందరికీ తెలుసు, కుర్చీలో ఉన్నవాళ్లే మాట్లాడతారు. మేము సంఘం భవనం అరుగు మీద, అన్నం తిన్నాక ఎనిమిదింటికి కూర్చున్నాం. కోతల వారంలోనూ నాట్ల వారంలోనూ పెట్టుకోవద్దు, ఎవరూ రారు.

పోయిన పని ఎట్లా రాయాలి

మేము చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఇంటింటికీ పోయి "మిషన్ వల్ల మీ పని పోయిందా" అని అడిగాం. ఒక్కరు కూడా పోయిందని చెప్పలేదు. ఎందుకు చెప్తారు, పని పోయిందంటే చేతకానివాళ్లు అన్నట్టు ఉంటుంది, పైగా మనిషి ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు. అందుకే ప్రశ్న మార్చండి. నెలల పేర్లు చెప్పి అడగండి. పదిహేనేళ్ల కింద కార్తీకంలో మీరేం చేసేవాళ్లు, మొన్న కార్తీకంలో ఏం చేశారు, శ్రావణంలో ఏం చేసేవాళ్లు, యాసంగి కోతలప్పుడు ఏం చేసేవాళ్లు. అప్పుడు చూడండి, ఎవరూ ఆపలేరు. ఎవరి గుంపులో ఎంతమంది ఉండేవాళ్లు, గుత్తకు పట్టుకుంటే ఎకరానికి ఎంత వచ్చేది, ఏ పొలం గట్టు మీద సద్ది తిన్నారు, అన్నీ వస్తాయి. అవన్నీ రాసుకోండి, రోజులు మాత్రం విడిగా ఒక గడిలో రాయండి, ఎందుకంటే చివరికి మనకు కావాల్సింది రోజుల లెక్క.

మిషన్ అంటే ఇనుముతో చేసిందే అనుకోవద్దు. గడ్డిమందు కూడా మిషన్ లెక్కలోకే వస్తుంది, కలుపు తీసే ఆడవాళ్ల పనిని అది ఎంత తిన్నదో మా నోటుబుక్కులో చూశాక గానీ మాకు అర్థం కాలేదు. మందు కొట్టే డ్రోన్ రాయండి. మా ఊరికి వచ్చే పిల్లగాడు గట్టు మీద నిలబడి పది నిమిషాలు కాకముందే ఎకరం కొట్టేసి పోతాడు, ట్యాంకు వీపున మోసి అదే పని చేసిన మనిషికి సగం పూట పట్టేది. ఆధార్, పహాణీ, అర్జీలు రాసి బతికినవాళ్లు, టైపింగ్ నేర్చుకున్నవాళ్లు, పట్నంలో కాల్ సెంటర్ నుంచి వెనక్కి వచ్చినవాళ్లు, వాళ్లనూ రాయండి. పత్తి ఏరడం మాత్రం ఇంకా చేతుల మీదే ఉంది, కిలోకింత అని ఏరుతున్నారు. అది కూడా ఒక గడిలో పెట్టుకోండి, రేపు అది పోతే ఎన్ని రోజులు పోతాయో ఇవాళే తెలియాలి.

కొత్తగా వచ్చిన పనులు రాయడం మరిచిపోవద్దు. మిషన్ డ్రైవరు, డ్రోన్ పిల్లగాడు, బోరు మోటార్లు బాగుచేసేవాడు, వరంగల్‌లో బండి మీద పార్సిళ్లు ఇచ్చేవాళ్లు. వీళ్లను వదిలేస్తే లెక్క అబద్ధమవుతుంది, ఎదుటివాడు మొదటి ప్రశ్నతోనే పడగొడతాడు. ఇంకొకటి, మిషన్‌ను తిట్టే కాగితం కాదు ఇది. మా అమ్మనే అడిగితే, మళ్లీ వంగి కోయమంటే నా వల్ల కాదు బిడ్డా అంటుంది. రైతులు మిషన్ పిలిచింది కూలీలు దొరక్కనే, అది కూడా నిజమే. నడుము నొప్పి పోవడం మంచిదే, దానితోపాటు కూలి పైసలు కూడా పోయాయి, మన లెక్క ఆ పైసల గురించి.

మిగిలిన పైసలు ఎవరికి పోయాయి

ఇది అందరూ వదిలేసే భాగం, నా మటుకు నాకు ఇదే అసలు భాగం. ఉదాహరణకు ఒక ఊళ్లో 400 ఎకరాల వరి అనుకోండి. చేత్తో కోస్తే ఎకరానికి 12 మంది ఒక రోజు, అంటే ఒక పంటకు 4,800 కూలి రోజులు, రెండు పంటలకు 9,600. ఇవాళ కూలి 500 అనుకుంటే 48 లక్షలు. మిషన్‌తో కోస్తే ఎకరానికి 3,000 అనుకున్నా రెండు పంటలకు 24 లక్షలు. అంటే 24 లక్షలు రైతుల దగ్గర మిగిలాయి, ఇంకో 24 లక్షలు మిషన్ యజమానికి, డీజిల్‌కు, మిషన్ అమ్మిన కంపెనీకి, బ్యాంకు వడ్డీకి పోయాయి. కూలి చేసిన ఇళ్లకు ఇందులో డ్రైవరు జీతం తప్ప ఏమీ రాలేదు. మీ ఊరి ఎకరాలు, మీ ఊరి రేట్లు వేసుకుని ఇదే లెక్క చేయండి, బెల్టు మిషన్ రేటు వేరు, టైరు మిషన్ రేటు వేరు. మేము ఈ అంకెలు చదివినప్పుడు అరుగు మీద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఊరికి ఇప్పటికే ఎంత వస్తోంది

ఇప్పుడు ఇంకో పేజీ తీయండి. ప్రభుత్వం నుంచి నగదుగా వచ్చేవన్నీ రాయండి, ఎవరికి అన్నది కూడా రాయండి. రైతుబంధు 2018 మేలో హుజూరాబాద్‌లోనే మొదలైంది, అప్పుడు ఎకరానికి పంటకు 4,000, తరువాత 5,000, ఇప్పుడు రైతు భరోసా పేరుతో ఏడాదికి 12,000. పట్టా ఉన్నవాళ్ల ఖాతాలో పడుతుంది. దున్నేది కౌలు రైతు, నాటు వేసేది కైకిలోళ్లు, అంటే కూలీలు, పైసలు పడేది పట్టాదారుకు, ఆయన హైదరాబాద్‌లో ఉన్నా సరే. పదెకరాలున్నవాళ్లకు పదెకరాలంత, అరెకరం ఉన్నవాళ్లకు అరెకరమంత, ఏమీ లేనివాళ్లకు ఈ పథకంలో ఏమీ లేదు. ఆసరా పింఛన్లు ముసలివాళ్లకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు, బీడీ కార్మికులకు, నేత, గీత కార్మికులకు 2,016 రూపాయలు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏడాదికి 6,000, అది కూడా భూమి ఉన్నవాళ్లకే.

పై ఊళ్లోనే 900 ఎకరాల పట్టా భూమి, 260 పింఛన్లు ఉన్నాయనుకోండి. రైతు భరోసా కోటీ 8 లక్షలు. పింఛన్లు 260 సార్లు 2,016, అది పన్నెండు నెలలకు దాదాపు 63 లక్షలు. రెండూ కలిపి ఏడాదికి కోటీ 71 లక్షలు.

ఇక కనీస ఆదాయం లెక్క. ఊళ్లో 1,600 మంది, అందులో పెద్దలు 1,150, పిల్లలు 450 అనుకోండి. పెద్దలకు నెలకు 1,000, పిల్లలకు 500 చొప్పున వేస్తే నెలకు 13 లక్షల 75 వేలు, ఏడాదికి కోటీ 65 లక్షలు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఊరికి ఇప్పుడు వస్తున్నదీ, అందరికీ తలా ఇంత అని వేస్తే కావాల్సిందీ ఇంచుమించు ఒక్కటే.

ఇక్కడ తొందరపడొద్దు. మా దగ్గర డిగ్రీ పిల్లగాడు వెంటనే అన్నాడు, అయితే ఇవన్నీ బంద్ చేసి అందరికీ ఇదే ఇస్తే సరిపోతుంది కదా అని. సంఘం అక్క వేలు పెట్టి చూపించింది, ఒంటరిగా ఉన్న ముసలవ్వకు ఇప్పుడు 2,016 వస్తోంది, నీ లెక్క ప్రకారం వెయ్యి వస్తుంది, మిగతా వెయ్యి మందుగోలీలు ఎవరు కొనిస్తారు. ఆమె అడిగినదానికి జవాబు లేదు. అందుకే నా అభిప్రాయం ఖరాఖండిగా చెప్తున్నాను, ఇప్పుడు పింఛను వస్తున్నవాళ్లకు ఒక్క రూపాయి తగ్గినా అది కనీస ఆదాయం కాదు. కంట్రోల్ బియ్యం, దవాఖాన, బడి, వీటి జోలికి అసలు పోవద్దు, నగదు వీటి మీద అదనంగా రావాలి. తగ్గించాలంటే ముప్పై ఎకరాల పట్టాదారు దగ్గర తగ్గించొచ్చు, దాని గురించి ఊళ్లో కొట్లాట అవుతుంది, అయినా మాట్లాడాల్సిందే.

అడిగేవాళ్లకు ఏం చెప్పాలి

సోమరులవుతారు, తాగుతారు అన్నదానికి మన దేశంలోనే చేసి చూసిన లెక్క ఉంది. మధ్యప్రదేశ్‌లో ఇందోర్ చుట్టుపక్కల ఊళ్లలో సేవ అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ సాయంతో 2011 నుంచి ఏడాదికి పైగా దాదాపు 6,000 మందికి ఏ షరతూ లేకుండా నెలనెలా డబ్బు వేసింది. పెద్దలకు మొదట 200, తరువాత 300, పిల్లలకు దాంట్లో సగం, అది తల్లి ఖాతాలో. పైసలు రాని ఊళ్లతో పోల్చి చూశారు. పని తగ్గలేదు, ఇంకా కూలి పని నుంచి సొంత పొలం పనికి, మేకలు, బర్రెలు కొనుక్కోవడానికి మళ్లారు, ఆడపిల్లల బరువు మెరుగైంది, అప్పులు తగ్గాయి, తాగుడు పెరగలేదు. దీన్ని నడిపినవాళ్లలో హైదరాబాద్‌కు చెందిన శరత్ దావల ఉన్నారు. తరువాత హైదరాబాద్‌లోనే చెత్త ఏరుకునే కుటుంబాల వాడల్లో పెద్దలకు నెలకు 1,000, పిల్లలకు 500 ఇచ్చి చూశారు, పైన నేను వేసిన అంకెలు అక్కడివే. ఫిన్లాండ్‌లో 2017, 2018ల్లో పని లేని 2,000 మందికి నెలకు 560 యూరోలు ఇచ్చారు, వాళ్లు పని చేసిన రోజులు కూడా తగ్గలేదు, టెన్షన్ మాత్రం తగ్గింది. కానీ ఇవన్నీ చిన్నవి, కొద్దికాలం జరిగినవి, బయట నుంచి వచ్చిన డబ్బుతోనో ఒక్క పద్దుతోనో నడిచినవి, కాబట్టి సోమరితనం ప్రశ్నకు ఇవి జవాబు చెప్తాయి గానీ రాష్ట్రమంతా ఇస్తే పైసలు ఎక్కడివి అన్నదానికి చెప్పవు. ఆ తేడా దాచకుండా చెప్పండి.

ఉన్నోళ్లకు కూడా ఎందుకు అంటారు. ఎందుకంటే లేనోళ్ల జాబితా రాయడం మనకు చేతకాలేదు. మా పక్కింటామె పెళ్లై వేరుపడ్డాక రేషన్ కార్డు కోసం ఏళ్ల తరబడి తిరిగింది, ఒక ఆఫీసులో ఆన్‌లైన్ అయిందన్నారు, ఇంకో ఆఫీసులో కాలేదన్నారు, ఆ మధ్యలో ఆమెకు బియ్యం లేదు, ఆస్పత్రి కార్డు లేదు. జాబితా ఉన్న ప్రతిచోటా జాబితాలో లేని పేదవాడు ఉంటాడు. అందరికీ ఇచ్చేసి, ఉన్నోళ్ల దగ్గర పన్ను రూపంలో వెనక్కి తీసుకోవడం దీనికంటే సులువు.

పని కావాలి గానీ ఈ పైసలెందుకు అనే మాట బొగ్గు గనులున్న గోదావరిఖని, భూపాలపల్లి, మందమర్రి వైపు ఎక్కువ వింటారు, అది గట్టి మాట, తేలిగ్గా తీసుకోవద్దు. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు గనుల్లో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్ల చోట బొగ్గు ఎత్తి పోసే ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చాయి, తరువాత నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు 40 వేల దగ్గర ఉన్నారు, కాంట్రాక్టువాళ్లు వేరే. బొగ్గు మాత్రం అప్పటికి మూడింతల పైనే వస్తోంది. మిషన్లు ఆపి ఆ ఉద్యోగాలు వెనక్కి తెస్తామని నాకు తెలిసి ఏ యూనియనూ నిజంగా చెప్పలేదు. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది, అందులో పనిచేసిన కుటుంబాలు ఇప్పటికీ ఆ బకాయిల మాట మాట్లాడతాయి. ఉద్యోగం అడగాలి, అది వచ్చేదాకా ఇల్లు గడవడానికి ఇది అడగాలి. రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

పైసలు ఎక్కడివి

అంకె ముందు చెప్పండి. రాష్ట్రంలో 2011 జనాభా లెక్క ప్రకారం మూడున్నర కోట్ల మంది. అందరికీ నెలకు వెయ్యి అంటే ఏడాదికి 42,000 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ దాదాపు 3 లక్షల 5 వేల కోట్లు, అంటే నూరు రూపాయల్లో 14 రూపాయలు. జనాభా పెరిగింది కాబట్టి ఇంకా కొంచెం ఎక్కువే. చిన్న అంకె కాదు, రాష్ట్రం ఒక్కటే మోయలేదు. కేంద్రం ఆర్థిక సర్వే 2016-17లో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ దీని మీద ఒక అధ్యాయమే రాశారు, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, జనాభాలో 75 శాతం మందికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం అవుతుందని లెక్క వేశారు. అది అప్పటి ధరలకు, నెలకు 635 రూపాయలు. సబ్సిడీ లేకుండా కొంటే ఇవాళ గ్యాస్ బండ కూడా దాంతో రాదు. కాబట్టి అడిగేటప్పుడు రూపాయలు మాత్రమే అడగొద్దు, ధరలతోపాటు ఏటా పెరగాలని కూడా అడగండి, లేకుంటే పదేళ్లకు చాయ్ పైసలు అవుతాయి.

మన వైపు నుంచి అడగాల్సింది ఇంకొకటి ఉంది. అమెరికాలో అలాస్కా రాష్ట్రం తమ నేల కింది నూనె ఆదాయంలో కొంత భాగాన్ని ఒక నిధిలో పెట్టి 1982 నుంచి ప్రతి ఏడాదీ అక్కడి ప్రతి మనిషికీ, పసిపిల్లలతో సహా, వాటా ఇస్తోంది, మామూలుగా వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల మధ్య. మన కింద బొగ్గు ఉంది. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది, అంటే మొత్తం ప్రజలదే. దసరా ముందు కార్మికులకు లాభాల వాటా ఇవ్వడం అక్కడ ఎప్పటి నుంచో ఉంది, 2024లో 33 శాతం ఇచ్చారు, కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5,000 ఇచ్చారు. ఓపెన్‌కాస్టులో ఇల్లు, చెలక పోయిన ఊరికి అదే వాటా ఎందుకు ఉండొద్దు? 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి అని ఒకటి ఉంది, గనుల ప్రభావం ఉన్న ఊళ్ల కోసమే పెట్టింది. అది రోడ్లకు, బిల్డింగులకు ఎంత పోయింది, మనుషులకు ఎంత చేరిందని జిల్లా నుంచి సమాచార హక్కు కింద అడగండి. బొగ్గు లేని ఊళ్లవాళ్లు మిషన్ల మీద, సాఫ్ట్‌వేర్ మీద వచ్చే లాభంలో పన్ను అడగాలి, రోబోల మీద పన్ను వేయాలన్న మాట 2017లో మైక్రోసాఫ్ట్ పెట్టిన బిల్ గేట్సే అన్నాడు.

గ్రామసభలో ఎట్లా పెట్టాలి

నాలుగు పేజీలు మించొద్దు. మొదటి పేజీలో పోయిన కూలి రోజులు, ఒక్క అంకె, పెద్ద అక్షరాల్లో. రెండో దాంట్లో మిగిలిన పైసలు ఎవరికి పోయాయో. మూడో దాంట్లో ఇప్పుడు వస్తున్నవి, అవి చేరని ఇళ్లు ఎన్ని, పేర్లు రాయొద్దు, అంకెలు చాలు. నాలుగో దాంట్లో అడిగేవి: మనిషికి మనిషికీ వేరే ఖాతా, ఇంటి పెద్దకు కాదు, పిల్లల డబ్బు తల్లికి, పింఛను, బియ్యం తగ్గొద్దు, ధరతోపాటు పెరగాలి, కౌలు రైతు, కైకిలి ఇళ్లతో మొదలుపెట్టాలి. చదివేది సంఘం అక్క అయితే మంచిది. మా ఊళ్లో నేను చదువుతానంటే ఆమె వద్దంది, నువ్వు చదివితే రాజకీయం అనుకుంటారు, నేను చదివితే పాలు, ఉప్పు లెక్క అనుకుని వింటారు అంది, అట్లనే విన్నారు. తీర్మానం రాసినప్పుడు రిజిస్టర్‌లో అంకెలు పడ్డాయా లేదా దగ్గరుండి చూసుకోండి, "చర్చించడమైనది" అని ఒక్క ముక్క రాసి సంతకాలు పెట్టించుకోవడం మామూలే. ఫోటో తీసుకోండి.

నోటుబుక్కు ఎవరింట్లోనూ పెట్టొద్దు, సంఘం బీరువాలో పెట్టండి. ప్రతి ఏడాది యాసంగి కోతలయ్యాక ఒక సాయంత్రం తీసి కొత్త గడి కలపండి. మేము ఈసారి మందు కొట్టే డ్రోన్ కింద పని పోయిన ఇళ్లు 31 రాశాం, పత్తి ఏరడం గడిలో పని పోయిన ఇళ్లు ఇంకా సున్నానే.